కార్డు చెల్లే ఖర్చు, చెల్లని ఖర్చు



గుండె ఆపరేషన్‌కు ఎంతవుతుందని మన బళ్లారి జిల్లా కురుగోడు బస్టాండులో ఎవరినైనా అడిగి చూడండి. జవాబు రాదు, ఎదురుప్రశ్న వస్తుంది: "మీకు ఏ కార్డుంది?" బీపీఎల్ కార్డయితే ఒక లెక్క. ఏపీఎల్ అయితే ఇంకో లెక్క. ఆధార్‌లో అడ్రసు సరిహద్దు అవతలి ఆలూరో ఆదోనో అయితే అసలు లెక్కే వేరు. ఇరవై ఏళ్ల కిందట ఇదే మాట అడిగితే, పొలం ఎన్నెకరాలు, కాలువ కింద మాగాణా లేక మెట్టా, కుదువ పెట్టడానికి ఇంట్లో బంగారం ఏమాత్రం ఉంది అని ఆరా తీసేవాళ్లు. జబ్బు అదే, గుండె అదే. దాని ఖరీదు మాత్రం మనిషి ఎవరో, ఏ ఊరివాడో చూసి మారుతూ వచ్చింది.

ఆరోగ్య ఆర్థికశాస్త్రం అని ఒక చదువుంది. పేరు బరువుగా ఉన్నా అందులో అడిగేవి మన ఇళ్లలో అడిగే ప్రశ్నలే. వైద్యానికి ఎంతవుతోంది, ఎవరి జేబులోంచి పోతోంది, పోయిన డబ్బుకు ప్రాణం దక్కుతోందా లేదా? ఈ ప్రశ్నలకు లోకమంతా చెప్పుకునే జవాబుల్లో ఒకటి మన ఉత్తర కర్ణాటక పల్లెల నుంచే వెళ్లింది. ఆ సంగతి మన పల్లెల్లోనే ఎక్కువమందికి తెలియదు. ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

ముందు కొంచెం పాత సంగతి. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజున బళ్లారి జిల్లాను పంచారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి. బళ్లారి, హొసపేట, సిరుగుప్ప ఇటు మైసూరు రాష్ట్రంలో చేరాయి. దొడ్డబసవేశ్వరుడి కురుగోడు ఇటుపక్క నిలిచింది. రాష్ట్రాలు వేరయినా పెళ్లి సంబంధాలు ఆగలేదు. పిల్లను ఆదోనికి ఇస్తాం, కోడలిని రాయదుర్గం నుంచి తెచ్చుకుంటాం. యాభై ఏళ్లపాటు ఈ గీత వల్ల వైద్యం ఖర్చులో పెద్ద తేడా ఏమీ రాలేదు. అటూ ఇటూ కూడా పెద్ద జబ్బంటే పొలం అమ్ముకోవడమే.

తేడా 2007లో వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 1న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్యశ్రీని మూడు జిల్లాల్లో మొదలుపెట్టింది. మహబూబ్‌నగర్, శ్రీకాకుళం, మూడోది మన పొరుగున ఉన్న అనంతపురం. తెల్లకార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర దాకా పెద్దాసుపత్రి ఖర్చు ప్రభుత్వమే కడుతుంది, చాలకపోతే మరో యాభై వేలు. ఒక్కసారి ఊహించండి. ఇద్దరు అన్నదమ్ముల పిల్లలు, ఒకరు రాయదుర్గంలో, ఇంకొకరు బళ్లారి పక్క పల్లెలో. ఇద్దరికీ గుండె వాల్వు చెడింది. ఒకరికి కార్డు మీద ఆపరేషన్. ఇంకొకరికి దేవుడే దిక్కు.

ఇటుపక్క ఏమీ లేదని కాదు. 2003 నుంచి యశస్విని ఉంది. డాక్టర్ దేవీ శెట్టి ఆలోచన అది. సహకార సంఘంలో సభ్యుడైన రైతు నెలకు ఐదు రూపాయల లెక్కన కడితే ఆపరేషన్ ఖర్చు చూసుకునేవాళ్లు. మంచి పథకం. కానీ సొసైటీలో పేరు లేని కూలివాడికి, కౌలుదారుకు అందులో చోటెక్కడిది?

ఆ లోటు తీర్చడానికి 2010లో కర్ణాటక ప్రభుత్వం వాజపేయి ఆరోగ్యశ్రీ తెచ్చింది. పేరులోనే తెలుస్తోంది, నమూనా పొరుగింటిదని. మొదటి విడతగా గుల్బర్గా డివిజన్‌ను తీసుకున్నారు. బీదర్, గుల్బర్గా, యాదగిరి, రాయచూరు, కొప్పళ, వాటితో పాటు మన బళ్లారి. ఆ తర్వాత బెళగావి డివిజన్. దక్షిణ కర్ణాటకకు అది చేరేసరికి 2012 వచ్చింది. ఏ అభివృద్ధి వచ్చినా బెంగళూరు, మైసూరు తర్వాతే మనకు అని వాపోయే ప్రాంతం మనది. ఈ ఒక్కసారి వరస తిరగబడింది.

పరిశోధకుల కన్ను సరిగ్గా అక్కడే పడింది. ఒక మందు పనిచేస్తుందా లేదా చూడాలంటే కొందరికి ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా పోల్చి చూస్తారు. ప్రభుత్వ పథకాన్ని అలా పరీక్షించడం కష్టం. ఇక్కడ ఆ అవకాశం దానంతటదే వచ్చింది. ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య గీత. గీతకు ఇవతలి పల్లెలో పథకం ఉంది, నాలుగు మైళ్ల అవతలి పల్లెలో ఇంకా రాలేదు. రెండు చోట్లా అదే నేల, అదే కూలి, అదే తిండి.

దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి నీరజ్ సూద్, స్టాన్‌ఫర్డ్ నుంచి ఎరాన్ బెండవిడ్, బెంగళూరు ఐఐఎం నుంచి అర్ణబ్ ముఖర్జీ, మరికొందరు కలిసి ఈ పని చేశారు. పథకం ఉన్న 300 పల్లెలు, లేని 272 పల్లెలు. మొత్తం 60 వేల ఇళ్లకు పైగా తలుపు తట్టి అడిగారు. మీ ఇంట్లో ఈమధ్య ఎవరైనా పోయారా, ఏ జబ్బుతో పోయారు, ఆసుపత్రికి ఎంతయింది. ఫలితాలు 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయ్యాయి.

ఆ పథకం కిందికి వచ్చే జబ్బులు, ముఖ్యంగా గుండెజబ్బులు, క్యాన్సర్, వాటితో పేద ఇళ్లలో జరిగిన చావులను లెక్కగట్టారు. పథకం లేని పల్లెల్లో నూటికి 0.90, ఉన్న పల్లెల్లో 0.32. అంటే వెయ్యికి తొమ్మిది ఉండాల్సిన చోట మూడు. 64 శాతం తక్కువ. ఈ తేడా పథకం వల్లే వచ్చిందని ఎలా చెప్పగలరు? దానికీ ఒక పరీక్ష పెట్టారు. పథకంలో లేని జబ్బులతో పోయినవాళ్లను చూస్తే రెండు వైపులా దాదాపు సమానం. అదే పల్లెల్లో ఏపీఎల్ ఇళ్లను చూసినా తేడా లేదు. పెద్దాసుపత్రిలో చేరినప్పుడు పేద కుటుంబం సొంతంగా పెట్టిన ఖర్చు కూడా బాగా తగ్గింది.

64 అనే అంకెను నేను యథాతథంగా నమ్మమనను. అసలు తేడా దానికి కొంత అటూ ఇటూ ఉండవచ్చని ఆ వ్యాసంలోనే రాశారు. ఎవరు ఏ జబ్బుతో పోయారో ఇంటివాళ్లు చెప్పిన మాటే ఆధారం. మన పల్లెల్లో "ఎదలో నొప్పి వచ్చి పోయినాడు" అంటాం, అది గుండెపోటో మరొకటో ఎవరికి తెలుసు? అయినా అందులో సగమే అనుకున్నా చిన్న విషయం కాదు.

నా మట్టుకు అంకె కంటే ముఖ్యమైనది అది ఎలా సాధ్యమైందన్నది. ఆ పథకంలో ముందుగా పేరు నమోదు చేయించుకోనక్కర లేదు, ప్రీమియం కట్టక్కర లేదు. బీపీఎల్ కార్డు ఉంటే చాలు. దానికి మించి, ఆసుపత్రుల వాళ్లే పల్లెల దగ్గరికి వచ్చి ఆరోగ్య శిబిరాలు పెట్టారు. బడి ఆవరణలో షామియానా, నాలుగు బల్లలు, ఈసీజీ మిషను. ఆయాసం వస్తోంది, వయసు మీద పడుతోంది కదా అనుకుంటూ కూర్చున్న మనిషిని "నీకు వాల్వు బాగాలేదు, ఫలానా ఆసుపత్రికి రా" అని చెప్పి పిలుచుకుపోయారు. అక్కడికి వెళ్లాక ఆరోగ్యమిత్ర అనే మనిషి కాగితాల పని చూశాడు. చాలామందికి అడ్డం పడేది ఒక్క డబ్బే కాదు, ఆ పెద్ద గేటు లోపల ఎటు పోవాలో, ఎవరిని అడగాలో తెలియకపోవడం కూడా.

దీనికి సాక్ష్యంగా ఇంకో అధ్యయనం ఉంది. ఇదీ కర్ణాటకలోదే. షికాగో విశ్వవిద్యాలయంలోని అనూప్ మలానీ బృందం కలబురగి, మైసూరు జిల్లాల్లో 435 పల్లెలు, 10,879 కుటుంబాలను తీసుకుని లాటరీ వేసినట్టు విభజించింది. కొందరికి ఆసుపత్రి బీమా ఉచితంగా, కొందరికి డబ్బు కడితే, కొందరికి అసలు లేదు. కేంద్రం తెచ్చిన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన కార్డు అది, కుటుంబానికి ఏడాదికి ముప్పై వేల దాకా చెల్లేది. ఉచితం అంటే నూటికి 79 ఇళ్లు తీసుకున్నాయి. సొంత డబ్బు పెట్టి కొనుక్కోమన్నా నూటికి 60 ఇళ్లు కొనుక్కున్నాయి. పల్లెవాళ్లకు బీమా విలువ తెలియదనే మాట ఇక్కడ చెల్లలేదు. కానీ తర్వాత ఆరోగ్యం మెరుగుపడిందా అని చూస్తే, చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వాడదామని వెళ్లి వాడలేకపోయినవాళ్లు చాలామంది. కార్డు ఇంట్లో మరిచిపోయినవాళ్లు, ఎలా వాడాలో తెలియనివాళ్లు.

ఒకే రాష్ట్రం, ఒక అధ్యయనం కార్డు ప్రాణాలు నిలిపిందంటుంది, ఇంకొకటి ఏమీ మారలేదంటుంది. నాకు ఇందులో వైరుధ్యం కనిపించదు. మొదటిది ఆపరేషన్ జరిగితే బతికే, జరగకపోతే పోయే జబ్బులకు ఇచ్చిన కార్డు, వెంట పిలుచుకుపోయే మనిషి కూడా ఉన్నాడు. రెండోది మామూలు జ్వరానికీ, హెర్నియాకూ, ఆసుపత్రిలో చేరే ప్రతిదానికీ ఇచ్చిన చిన్న మొత్తం, వాడుకోవడం రోగి తిప్పలు.

పొరుగింటి లెక్క కూడా చూద్దాం. విక్టోరియా ఫాన్, అనూప్ కరణ్, అజయ్ మహల్ అనే ముగ్గురు 2012లో ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీ గురించి రాశారు. మొదటి తొమ్మిది నెలల్లో, అనంతపురం లాంటి మొదటి విడత జిల్లాల్లో ఆసుపత్రిలో చేరినవాళ్ల సొంత ఖర్చు తగ్గిందని తేల్చారు. ఆ వెంటనే ఇంకో రెండు మాటలు చెప్పారు. వైద్యం వల్ల కుటుంబాలు చితికిపోవడం తగ్గిందని స్పష్టంగా కనబడలేదు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు మిగతావాళ్లకు అందినంత అందలేదు. కార్డు అందరి చేతిలోనూ ఒకటే. కానీ పట్నంలో తెలిసినవాళ్లు ఉన్న ఇల్లు ఒకటి, లేని ఇల్లు ఒకటి.

ఇక మన ఇళ్లకు వద్దాం. ఖర్చు తగ్గినా కుటుంబాలు ఎందుకు చితికిపోతున్నాయి?

మా దగ్గరి బంధువుల ఇంట్లో ఒక నోటుపుస్తకం చూశాను. పెద్దాయనకు స్టెంటు వేశారు, అంతా కార్డు మీదే, ఒక్క రూపాయి బిల్లు లేదు. ఇంటావిడ మాత్రం ఆ పుస్తకంలో పైసా పైసా రాసిపెట్టింది. బళ్లారికి బస్సు, అక్కడి నుంచి ఆటో. జబ్బేమిటో తేలేదాకా బయట చేయించిన రక్తపరీక్షలు, ఎకో. రేషన్ కార్డు జిరాక్సులు, అది కూడా మూడుసార్లు. ఇద్దరు తోడుకు టిఫిన్లు, భోజనాలు. ప్లాస్కు ఒకటి, చాప ఒకటి. వీల్‌చైర్ తోసినవాడికి, ఊడ్చే ఆయమ్మకు. ఊరికొచ్చాక నెలనెలా మాత్రలు. కొడుకు మిరపతోట కోత సమయంలో పది రోజులు ఆసుపత్రి వరండాలో పడుకున్నాడు, కూలోళ్లను పెట్టి కోయించారు. ఆ కూలి డబ్బులు పుస్తకంలో ఉన్నాయి. కొడుకు పోగొట్టుకున్నది మాత్రం ఆమె రాయలేదు. అది ఖర్చని ఆమెకు తోచలేదు.

జాతీయ నమూనా సర్వే 75వ విడతలో, 2017 జూలై నుంచి 2018 జూన్ దాకా, దేశమంతా అడిగారు. పల్లెవాళ్లు ప్రభుత్వాసుపత్రిలో ఒకసారి చేరితే సగటున 4,290 రూపాయలు, ప్రైవేటులో చేరితే 27,347 రూపాయలు అయిందన్నారు. ప్రభుత్వాసుపత్రిలో కూడా నాలుగు వేలా అని ఆశ్చర్యపోకండి. బయటి మెడికల్ షాపుకు రాసిచ్చిన మందులు, ల్యాబు పరీక్షలు ఆ లెక్కలోవే. పల్లెల్లో నూటికి 86 మందికి అప్పటికి ఏ బీమా రక్షణా లేదు. ఆసుపత్రి ఖర్చు కోసం ఎక్కువమంది దాచుకున్నది తీశారు, నూటికి పదమూడు మంది అప్పు చేశారు. మన వైపు ఆ అప్పు ఎక్కడ పుడుతుందో అందరికీ తెలుసు, మండీలో. పంట చేతికి రాకముందే అడ్వాన్సు తీసుకున్నాక, సరుకు ఆ మండీకే వెయ్యాలి, ధర వాళ్లు చెప్పిందే. ఆ ధరలో పోయిన తేడా కూడా వైద్యం ఖర్చేనని ఏ సర్వేలోనూ రాదు.

కార్డు ఆసుపత్రిలో చేరితేనే చెల్లుతుంది. బీపీ మాత్ర, షుగరు మాత్ర, మోకాళ్ల నొప్పికి ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే సూది, నీరసమని ఎక్కించుకునే సెలైను, వీటికి చెల్లదు. విడివిడిగా చూస్తే చిన్నవే. నెలనెలా, ఏళ్లపాటు, బతికున్నంతకాలం. కర్ణాటక ప్రభుత్వం 2024లో కోలారులో గృహ ఆరోగ్య అని ఇంటికే వచ్చి బీపీ, షుగరు చూసి మందులిచ్చే పని మొదలుపెట్టింది. నన్నడిగితే ఇప్పుడున్న ఐదు లక్షల ఆసుపత్రి కార్డు కంటే ఈ మాత్రల పొట్లమే ఎక్కువ ఇళ్లను నిలబెడుతుంది. బీపీ అదుపులో ఉంటే చాలా పక్షవాతాలు, గుండెపోట్లు అసలు దగ్గరికే రావు కదా. కానీ మాత్రల పొట్లానికి ప్రారంభోత్సవం ఎంత బాగా చేసినా ఫోటో బాగా రాదు.

ఇంకో చిక్కు, ధర. కెనెత్ యారో అనే అమెరికన్ ఆర్థికశాస్త్రవేత్త 1963లోనే ఈ సంగతి రాశాడు. వైద్యం మామూలు సరుకు కాదు, కొనేవాడికి తానేం కొంటున్నాడో తెలియదు. బ్యాడగి మార్కెట్లో మిరపకాయను చేతిలోకి తీసుకుని రంగు, ముడత, తేమ చూసి మనం రేటు మాట్లాడతాం. ఆసుపత్రిలో మంచం మీద పడుకుని స్టెంటు రంగు చూడగలమా? 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంటుకు గరిష్ఠ ధర పెట్టింది. మందు పూత ఉన్న రకానికి 29,600 రూపాయలు, మామూలు రకానికి 7,260. అంతకుముందు అదే పూత స్టెంటుకు లక్ష దాటి వసూలు చేసిన చోట్లున్నాయి. అంటే ఇన్నేళ్లూ మనం కట్టిన దాంట్లో స్టెంటు ఎంత, చేతులు మారిన కమీషన్లు ఎంత?

అందుకే అసలు ఖర్చు ఎంతో లెక్కగట్టేవాళ్లు కావాలి. చండీగఢ్ పీజీఐలో శంకర్ ప్రింజా బృందం ఆ పని చేస్తోంది. ఒక ఆపరేషన్‌కు మందులెంత అని కాకుండా, డాక్టరు, నర్సుల జీతంలో ఎన్ని నిమిషాలు, కరెంటు, మంచం, మిషను అరుగుదల, అన్నీ కలిపి లెక్క తీస్తారు. కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ భారత్ పథకంలో ఆసుపత్రులకు కట్టే ప్యాకేజీ రేట్లు సవరించేటప్పుడు ఇలాంటి లెక్కలే ఆధారం. రేటు ఎక్కువ పెడితే ఖజానాకు దెబ్బ, తక్కువ పెడితే? రాజస్థాన్‌లో రాధికా జైన్ అనే పరిశోధకురాలు చేసిన అధ్యయనం చూస్తే, ప్రభుత్వ బీమా పథకం కింద పూర్తిగా ఉచితమైన చోట కూడా ప్రైవేటు ఆసుపత్రులు రోగుల దగ్గర పై డబ్బు తీసుకుంటున్నాయని తేలింది. "ఇది ప్యాకేజీలో రాదండీ" అన్న మాట ఇటుపక్క కూడా వినని ఇల్లు తక్కువ.

ఇప్పటి సంగతి. 2018లో యశస్విని, వాజపేయి ఆరోగ్యశ్రీ వంటివన్నీ కలిపి ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటక అయింది. యశస్వినిని 2022లో మళ్లీ విడిగా తెరిచారు. ఆరోగ్య కర్ణాటక కింద బీపీఎల్ కుటుంబానికి ఏడాదికి ఐదు లక్షల దాకా. ఏపీఎల్ అయితే ప్యాకేజీ రేటులో ప్రభుత్వం భరించేది ముప్పై శాతం, అదీ ఏడాదికి లక్షన్నరకు మించకుండా. మిగతా డెబ్బై శాతం సొంతం. నేరుగా ప్రైవేటుకు పోతే కార్డు చెల్లకపోవచ్చు. అత్యవసరం కానివాటికి ముందు ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. అక్కడ ఆ చికిత్స లేకపోతే రెఫరల్ చీటీ రాసిస్తారు. మనం విమ్స్ అని పిలిచే బళ్లారి వైద్య కళాశాల ఆసుపత్రిలో పొద్దున ఓపీ క్యూ పొడుగుంటుందని విసుక్కుని ప్రైవేటులో చేరి, తర్వాత చీటీ కోసం వెనక్కి వచ్చేవాళ్లను చూస్తుంటాం. అప్పటికి ఆలస్యమే.

సరిహద్దు అవతలికి ఇచ్చిన ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. పేరు అటు కార్డులో ఉంటుంది, కాన్పుకు మాత్రం పుట్టింటికి వస్తారు. కాన్పుకు భయం లేదు. 2011 నుంచి జననీ శిశు సురక్ష కింద ఏ ప్రభుత్వాసుపత్రిలోనైనా కాన్పు, సిజేరియన్, మందులు, తిండి, వాహనం అన్నీ ఉచితం, కార్డు ఏ రాష్ట్రానిదని అడగకూడదు. చిక్కంతా మిగతా జబ్బులకు. ఆంధ్ర ప్రభుత్వం 2019 నవంబర్ నుంచి ఆరోగ్యశ్రీని బయటి రాష్ట్రాలకు చాచింది, అయితే హైదరాబాద్, బెంగళూరు, చెన్నై నగరాల్లోని ఆసుపత్రులకు. ఆలూరు నుంచి గంటన్నరలో వచ్చే బళ్లారిని వదిలి మూడు వందల కిలోమీటర్ల బెంగళూరుకు పొమ్మంటే, ఆ దారి ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలి?

దేశం మొత్తం మీద వైద్యానికయ్యే ఖర్చులో జనం జేబులోంచి పోయేది 2013-14లో నూటికి 64 రూపాయలు. 2021-22కి అది 39 అయిందని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. వాటా తగ్గింది, మంచిదే. కానీ వాటా తగ్గడమూ, ఇంటి ఖర్చు రూపాయల్లో తగ్గడమూ ఒకటి కావు. మొత్తం పెరిగితే అందులో చిన్న వాటా కూడా పెద్ద మొత్తమే.

2025లో జాతీయ నమూనా సర్వే 80వ విడత కూడా ఆరోగ్యం మీదే సాగింది. ఇలాంటి సర్వేవాళ్లు మళ్లీ వస్తారు, ఈసారి మీ గడప ఎక్కవచ్చు. అందులో డాక్టరు ఫీజు, మందులు, పరీక్షలతో పాటు దారి ఖర్చుకూ, పోయిన రాబడికీ గడులుంటాయి. మన అలవాటు తెలుసు కదా, "ఏదో నాలుగైదు వేలయి ఉంటుంది లెమ్మా" అని పంపించేస్తాం. ఆ మాటే సగటుల్లో కలిసి, రేపటి ప్యాకేజీ రేటుకూ బడ్జెట్‌కూ ఆధారమవుతుంది. మెడికల్ షాపు బిల్లులు, బస్సు టిక్కెట్లు, ల్యాబు చీటీలు ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి పెట్టండి. తోడు పోయినవాళ్ల కూలి కూడా ఒక కాగితం మీద రాసి అందులోనే పెట్టండి.